వంజరం బొమ్మ నొక్కిన పోలమ్మప్ప

రెండు వేల ఇరవై మూడు. చేపల వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రం మీదికి వెళ్తున్న రోజులు. విశాఖలో పూర్ణా మార్కెట్ పక్క సందులో నాది ఫోన్లు బాగుచేసే చిన్న షాపు. పగిలిన డిస్‌ప్లేలు, ఉప్పుగాలికి తుప్పుపట్టిన చార్జింగ్ పిన్నులు, రోజూ ఇవే బేరాలు. ఫోన్ బాగానే ఉన్నా వాడడం రాక పాడైందని పట్టుకొచ్చేవాళ్లకూ లోటు లేదు. పోలమ్మప్ప, మా వైపు అప్పంటే అక్క, అలాగే వచ్చింది.

ఆమెది జాలారిపేట. భర్త పట్టుకొచ్చిన చేపల్ని గంపకెత్తుకుని సీతమ్మధార అపార్ట్‌మెంట్లలో అమ్ముతుంది. లిఫ్టులో చేపల గంప ఎక్కనివ్వరు, కంపు కొడుతుందంటారు. తినేటప్పుడు లేని కంపు లిఫ్టులో ఎక్కణ్ణుంచి వస్తుందో నాకైతే తెలీదు. పెళ్లైన కొత్తలోంచీ మెట్లెక్కీ ఎక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక ఎక్కితే మంచమేనని డాక్టరు చెప్పేశాడు. అమ్మ గేటు దగ్గరే కూర్చుని ఫోన్ చేస్తే వాళ్లే కిందికొస్తారని కూతురు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది. ఉపాయం బాగానే ఉంది. కానీ పోలమ్మప్పకు అక్షరం ముక్క రాదు.

"తమ్ముడూ, ఇది పాడైపోనాది. ఒకలికి సేత్తే ఇంకోలికి ఎల్తంది" అంటూ ఫోన్ కౌంటరు మీద పడేసింది.

ఫోన్‌కేం రోగం లేదు. కాంటాక్టులన్నీ, అంటే దాచుకున్న నంబర్లన్నీ, ఏ బ్లాకు, ఏ అంతస్తు అని కూతురు ఇంగ్లీషులో ఎక్కించింది. చదవలేనివాళ్లకు ఆ చోట ఫొటోలు పెట్టిస్తాను. ఒక్కోటీ చదివి, అక్కడుండేవాళ్ల పేరేమిటని అడిగాను.

"పేర్లు నాకేటి తెలుస్తాయి? అది సందువా అమ్మగారు. ఇది కవళ్ల మేడం. అది పండుగప్ప సారు, బేరమాడితే సచ్చిపోవాల."

అన్నీ చేపల పేర్లే! నాకు భలే ముచ్చటేసింది. ఎవరు ఏ చేప కొంటారో ఆ చేప బొమ్మే వాళ్ల నంబరుకి పెట్టేశాను. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడమని, అది వాయిస్ మెసేజ్‌గా వెళ్తుందని, వాళ్లు తీరిగ్గా వింటారని చెప్పాను. రెండు రోజుల్లో పట్టేసింది. గేటు దగ్గర గంప ఖాళీ అవుతోందని నాకు ఎండుచేపలు కూడా తెచ్చింది.

కొన్నాళ్లకి ఒక ఉదయం షట్టర్ ఎత్తీ ఎత్తకముందే గంపతో సహా దిగబడింది.

"నా కొంప ములిగిపోనాది తమ్ముడూ! అందరూ తిట్టుకుంతన్నారు."

జరిగిందేమిటంటే, ఎప్పుడూ వంజరం కొనే మేడం సాయం చేద్దామని మెసేజ్ యాప్‌లో 'పోలమ్మ చేపలు' అని గ్రూపు పెట్టి, కొనేవాళ్లందర్నీ అందులో చేర్చింది. గ్రూపుకి అందమైన వంజరం ఫొటో తగిలించింది. పొద్దున్నే ఫోన్ తెరిస్తే పైనే వంజరం బొమ్మ. మా పోలమ్మప్ప లెక్కలో ఒక చేపంటే ఒక ఇల్లు. వంజరం మేడమే అనుకుని మైకు నొక్కింది. ఆ మెసేజ్ నేను విన్నాను.

"అమ్మగారూ, మాంచి వంజరం పడింది. మీకోసమే దాసినాను, ఎవలికీ సూపించలేదు. ఆ పండుగప్ప సారుకి మాత్రం సెప్పకండి, పేనం తీసీత్తాడు."

కింద చందువా అమ్మగారి జవాబు: "నిన్న నాకోసమే దాచానన్నావు కదా పోలమ్మా?" ఆ కింద ఇంకో ఇద్దరిది అదే ప్రశ్న. పండుగప్ప సారు విన్నట్టు ఫోన్లో గుర్తు కనిపించింది గానీ ఆయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాకు నవ్వాగలేదు. ఆమె కళ్లలో నీళ్లు చూశాక ఆగింది.

"ఆ మాట ఎనక్కి లాగీలేవా?"

"ఫోన్లోంచి తీసేయగలనప్పా. వినేసినవాళ్ల చెవుల్లోంచి ఎలా తియ్యను?"

"నాను మెట్లెక్కలేను. ఇప్పుడు ఆలు కిందికీ రారు. మరి నానేటి సేసుకుని బతకాల?"

గ్రూపంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. "ఇది ఒక ఇంటి తలుపు కాదప్పా. అపార్ట్‌మెంటు కింద నిలబడి కేకేసినట్టు. అన్ని అంతస్తులకీ వినిపిస్తుంది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అలగని ముందే సెప్పొద్దా? కేకెయ్యడం నాకు రాదేటి?"

నేను వద్దనేలోపే మైకు నొక్కి, సందు చివరిదాకా వినిపించే గొంతుతో అందుకుంది.

"అమ్మల్లారా, బాబుల్లారా, నాను పోలమ్మని. అందరికీ అదే మాట సెప్తాను, నిజమే. మరి అందరూ నావోలే కదా, ఎవుర్ని ఒగ్గీమంటారు? పండుగప్ప సారూ, కోపం తెచ్చుకోకండి. మీరు బేరమాడకపోతే నాకు పొద్దే పోదు. గంటలో గేటు కాడుంటాను. ముందొచ్చినోలికే వంజరం."

ఇద్దరం ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి టింగుమంది. పండుగప్ప సారు గొంతు. "పోలమ్మా, వంజరం నేను తీసుకుంటాను. ఎంతకిస్తావో ముందు చెప్పు. నిన్నటి రేటంటే కుదరదు."

"సూసినావా, అప్పుడే మొదలెట్టీసినాడు!" అంటూ ఆమె పకపకా నవ్వేసి, గంపెత్తుకుని మోకాళ్ల నొప్పి కూడా మరిచి ఆటో కోసం పరుగులాంటి నడక అందుకుంది. ఆ వంజరం కోసం గేటు దగ్గర ముగ్గురు పోటీ పడ్డారట.

అందరి చేతిలోకీ ఫోన్ వచ్చేసింది, ఇక తేడాల్లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చేతిలోకి రావడం సగమే. పోలమ్మప్పకు ఏ బొమ్మ నొక్కాలో నేర్పాను గానీ, అవతల ఎందరు వింటారో నేర్పలేదు. అసలు ఆమెకు వచ్చిన విద్య ఏమిటని అడగనే లేదు. ఇప్పుడు ఎవరు ఫోన్ కౌంటరు మీద పెట్టినా దాన్ని వెంటనే ముట్టుకోను. "ముందు కూర్చో, నువ్వు రోజంతా ఎవరెవరితో ఏం మాట్లాడతావో చెప్పు" అంటాను.