తనంతట తానే డాక్టర్ దగ్గరికి వెళ్లిన మా రాజలింగం పెదనాన్న

నిన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే అన్న, అంటే పెదనాన్న కొడుకు, ఫోన్ చేశాడు.

"చెల్లే, నాన్న పోయిండు."

ఆ తర్వాత వాడేం చెప్పాడో నాకు వినబడలేదు.

మొన్న ఆదివారమే పెదనాన్నతో మాట్లాడాను. చెరువు చేపలు తెచ్చాం, పిల్లలను తీసుకుని రమ్మన్నాడు. నిన్న టీ తాగి, ఛాతీలో మంటగా ఉందన్నాడట. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది. హార్ట్ ఎటాక్.

ఏడుపు వస్తూనే ఉంది. కానీ ఈ పోస్ట్ ఏడవడానికి కాదు. ఆయన ఎలాంటి మనిషో మీకు చెప్పాలి.

రాజలింగం మా నాన్నకు అన్న. టేకులపల్లి దగ్గర ఇల్లు. బొగ్గు బాయిలో సపోర్ట్‌మన్, అంటే భూమి లోపల పైకప్పు కూలకుండా ఊతాలు పెట్టే పని. పెద్ద గొంతు. కాలనీలో కబడ్డీ పెడితే మైక్ తెచ్చేవాళ్లు కాదు, పెదనాన్నను పిలిచేవాళ్లు.

ఒకరోజు బాయిలో పైకప్పు కూలింది. పక్కనే ఉన్న కొమురయ్య మామ చనిపోయాడు. ఇద్దరిదీ ఏళ్ల జోడీ, ఒకే టిఫిన్‌లో తినేవాళ్లు. పెదనాన్న ఒంటి మీద గీత కూడా పడలేదు.

లీవ్ అయిపోగానే మళ్లీ బాయి దిగాడు. అందరూ గట్టి గుండె అన్నారు.

ఇంట్లో మాత్రం వేరే మనిషి అయిపోయాడు.

ఇంటి లోపల కూర్చునేవాడు కాదు. వానలో కూడా మంచం వాకిట్లోనే, పైన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని. అన్నం కెలికి లేచిపోయేవాడు. కబడ్డీకి పిలిస్తే వెళ్లేవాడు కాదు. తాగుడు పెరిగింది.

గాలి సోకిందన్నారు కొందరు. పెద్దమ్మ భద్రాచలం అవతల ఏదో ఊరికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. ఆమె మాట కాదనలేక కట్టించుకున్నాడు.

అలా నెలలు గడిచాయి.

అన్న కూతురి మొదటి పుట్టినరోజు. ఇంటి నిండా చుట్టాలు. ఎక్కడో ఒక బెలూన్ పేలింది.

పెదనాన్న ఒక్క ఉదుటున పాపను లాక్కుని నేల మీద పడుకోబెట్టి, తను మీద అడ్డంగా వంగిపోయాడు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఆయన లేవడం లేదు. అన్న వెళ్లి చేతులు విడదీయాల్సి వచ్చింది.

కొందరు నవ్వారు. తాగిండు అని ఒకరన్నారు.

ఆరోజు ఆయన చుక్క కూడా ముట్టలేదు.

చుట్టాలు వెళ్లాక వచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చున్నాడు. నేనప్పుడు ఖమ్మంలో నర్సింగ్ చదువుతున్నాను.

"బాయిల పైకప్పు తట్టి చూస్తం బిడ్డా. డొల్ల శబ్దమొస్తే ఆడ నిలబడం, పనాపి సార్లకు చెప్తం. నా లోపల గట్లనే వస్తుంది. చాన రోజులైంది. తాగితే పోతదనుకున్న, పోలే. ఇయ్యాల పోరికి ఏమన్నయితే ఏంది? మనసుకు చూసే డాక్టర్లుంటరట గద. నన్ను తోల్కపో."

ఎవరూ ఆయనకు చెప్పలేదు. పదిమంది బలవంతం చేయలేదు. తనకేదో అయిందని, అది తన ఒక్కడి వల్ల పోయేది కాదని తనే తెలుసుకున్నాడు.

జనం ఏమనుకుంటారన్నా అని మా నాన్న నసిగాడు. అనుకోనీ అన్నాడు పెదనాన్న.

ఖమ్మంలో దవాఖానాకు తీసుకెళ్లాను. వెయిటింగ్ హాల్‌లో మా కాలనీ మనిషే ఒకాయన ఉన్నాడు. మమ్మల్ని చూడగానే తువ్వాల ముఖానికి కప్పుకుని గోడ వైపు తిరిగాడు.

నేను పెదనాన్న చెయ్యి పట్టుకుని వేరే వైపు లాగుతున్నాను. ఆయన ఆగలేదు. నేరుగా వెళ్లి, అదే కబడ్డీ గొంతుతో, "నువ్వు గూడ వచ్చినవా? మంచిగయింది. జరుగు, కూసుంట" అన్నాడు.

హాల్ మొత్తం తిరిగి చూసింది. నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి.

కాసేపటికి తువ్వాల కిందికి దిగింది. తర్వాత వాళ్లిద్దరూ ప్రతిసారీ ఒకే బస్సులో వెళ్లేవాళ్లు. ఇది రాయమని ఆ తువ్వాల కప్పుకున్నాయనే నిన్న నాతో అన్నాడు. పేరు మాత్రం నేను రాయడం లేదు.

డాక్టర్ మందులు ఇచ్చారు. కౌన్సెలింగ్ చేసే అమ్మాయి చాలా చిన్నది. మొదట్లో ఆమెతో వానల గురించి తప్ప మాట్లాడలేదట. నేను వెంట వెళ్లిన ఒకరోజు ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చాడు. "కొమురయ్య ముచ్చట చెప్పిన. గా పిల్ల నడుమల అడ్డం రాలే, ఇన్నది" అన్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో గురక పెట్టి నిద్రపోయాడు. పక్కన కూర్చున్న నాకు పండగలా ఉంది.

మ్యాజిక్ ఏమీ జరగలేదు. నయమైందనుకుని మధ్యలో మందులు మానేశాడు, మళ్లీ మంచం వాకిట్లోకి వచ్చింది. మళ్లీ తనే వెళ్లి డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పాడు. బాయి దిగకుండా పైనే చేసే సర్ఫేస్ డ్యూటీ అడిగి తీసుకున్నాడు. పిరికోడన్న వాళ్లున్నారు. వాళ్లతో ఆయన పోట్లాడలేదు. తాగుడు వదిలేశాడు, ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా కబడ్డీ కోర్టు దగ్గర ఆ గొంతు మళ్లీ వినబడింది.

రిటైర్మెంట్ ఫంక్షన్‌లో సన్మానం చేసి మాట్లాడమన్నారు. అందరూ బాయి కథలు చెప్తాడనుకున్నారు. ఆయన లేచి, "నిద్రలేక, తిండి పోక, ఇంటోళ్ల మీద ఊకె కోపమొచ్చుకుంట వారాలకు వారాలు గట్లనే ఉంటే దాచుకోకుండ్రి. నేను పోయిన. బాగుపడ్డ. ఒక్కళ్లే పోవుడు కష్టమైతే నన్ను పిలువుండ్రి, నేనొస్త" అని కూర్చున్నాడు.

చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. కానీ చాలాసేపు కొట్టారు.

ఎంతమంది పిలిచారో మాకు తెలియదు. ఆయన ఎవరి సంగతీ ఇంట్లో చెప్పలేదు.

నిన్న తెలిసింది.

పెనుబల్లి నుంచి ఒక జంట వచ్చింది. మాకెవరికీ వాళ్లు తెలియదు. ఆ అమ్మాయి పెద్దమ్మ చేతులు పట్టుకుని, "మా ఆయన్ని మీ ఆయనే దవాఖానాకు తీసుకుపోయిండు. లోపలికి పోయి వచ్చేదాకా బయట కూసున్నడు. ఇయ్యాల నాకు మనిషి మిగిలిండు అమ్మా" అంది.

పెద్దమ్మ అప్పటిదాకా గట్టిగా ఏడుస్తోంది. ఆ మాట విని ఆ అబ్బాయిని దగ్గరికి పిలిచి, తల నిమిరి, అన్నం తిని పొమ్మంది.

పోయి రా పెదనాన్నా. నీ తమ్ముడి బిడ్డనని ఎక్కడైనా తలెత్తి చెప్పుకుంటాను.

ఏ బరువూ లేకుండా నిమ్మళంగా ఉండు.