నా బిడ్డ మీద కంప్లైంటు కొట్టివేయమని నేను చేసిన ప్రార్థన

పోయిన ఏడాది చలి మొదలైన రోజుల్లో జగిత్యాల కాలేజీ నుంచి ఫోను వచ్చింది, మీ అమ్మాయిని హాస్టల్ నుంచి తీసుకుపోండి, ర్యాగింగ్ కంప్లైంటు వచ్చింది, విచారణ అయ్యేదాకా క్లాసుకు కూడా పంపవద్దు అని చెప్పి పెట్టేశారు. సహోదరులారా, ఆ మాటతో కోరుట్లలోని మా ఇల్లు చీకటైపోయింది! నేను బడికి పోయినదాన్ని కాదు, మా అమ్మ బీడీలు చుడుతూ పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం చదివించి నేర్పిన అక్షరాలే నావి, మా ఇంటాయన గల్ఫ్‌లో ఎండలో పని చేస్తాడు, మా ఇద్దరి ఆశ అంతా మా ఒక్కగానొక్క బిడ్డ అఖిల చదువు మీదనే.

ఏం చేసినవే అని అడిగితే, "ఏం చెయ్యలేదమ్మా, ఉత్తగ నవ్వుకున్నం. అందరు చేసేదే," అన్నది. జరిగింది కాలేజీవాళ్ళే చెప్పారు. మల్లాపూర్ నుంచి కొత్తగా చేరిన ఒక అమ్మాయికి నత్తి ఉంది. నా బిడ్డ, ఇంకో ముగ్గురు సీనియర్లు కలిసి ఆ పిల్లను భోజనాల హాల్లో నిలబెట్టి, పేరు, ఊరు, తండ్రి పేరు ఆగకుండా చెప్పమని, ఆగితే మళ్ళీ మొదటి నుంచి చెప్పమని, చెప్పేదాకా పళ్ళెం ముట్టనియ్యలేదట. ఆ పిల్ల అన్నానికి రావడమే మానేసి, ఒకరోజు క్లాసులోనే కళ్ళు తిరిగి పడిపోయింది.

ఇంత విన్నా, తల్లి మనసు కదా, నేను నా బిడ్డ పక్షమే ఉన్నాను. ఉపవాసముండి, "నీ భక్తుని కోసం సింహాల నోళ్ళు మూసిన తండ్రీ, నా బిడ్డకు విరోధంగా మాట్లాడే నోళ్ళు మూయించు, ఆ కంప్లైంటు కొట్టివేయించు" అని మోకాళ్ళ మీద ఏడ్చాను. సంఘంలో చెల్లెళ్ళు కూడా నాతో కలిసి ఆమేన్ అన్నారు.

మా దిక్కు ఏ గొడవైనా పెద్దమనుషులు కూర్చుని రాజీ చేయడం అలవాటు. మా బావగారు, ఆయన మన విశ్వాసంలో లేడు, "కమిటీ కూసునేలోపట ఆ పిల్ల ఇంటికి పోయి కాయిదం వాపస్ తీసుకొమ్మందాం" అని ఆటో మాట్లాడాడు. విచారణ నడుస్తుండగా కంప్లైంటు పెట్టినవాళ్ళ ఇంటికి పోకూడదని కాలేజీ నియమం, అఖిల చెప్పినా మేము వినలేదు. దారిలో నేను పెదవులు కదుపుతుంటే ఆయన నవ్వి, "నీ దేవుడు పరలోకంల సీటిప్పిస్తడేమో గని లలితా, కాలేజిల సీటు మనమే కాపాడుకోవాలె," అన్నాడు.

మల్లాపూర్‌లో ఆ పిల్ల తల్లి మమ్మల్ని తిట్టలేదు. మంచం వాల్చింది, నీళ్ళు ఇచ్చింది. బావగారు, "ఆడపిల్లల బతుకులు చెల్లే, మీరే పెద్దమనసు చేసుకోవాలె" అని మొదలుపెట్టాడు. ఆమె అంతా విని నా వైపు తిరిగింది.

"కాయిదం వాపస్ తీసుకుంటం అక్కా, దానికేమున్నది. నా బిడ్డకు మాట వాపస్ అత్తదా? ఇంతకుముందు నత్తితోనన్న మాట్లాడేది. గిప్పుడు అన్నం పెట్టుమని గూడ నోరు తెరుస్తలేదు."

అప్పుడు చూశాను. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నన్ను చూసి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఓ దేవా! నేను మూయించమని ఏడ్చిన నోరు అప్పటికే మూసుకుపోయి ఉంది, మూసింది నా బిడ్డే, మరి నేను సింహమని పిలిచింది ఎవరిని! పోదాం బావా అని లేచి వచ్చేశాను. "అడుక్కునే కాడికి అచ్చి నోరు పడిపోయెనా నీకు!" అని ఆయన ఆటోలో ఊరు చేరేదాకా తిట్టాడు.

ఇంటికి వచ్చి అఖిలకు చూసింది చూసినట్టు చెప్పాను. "నలుగురం ఒక్కటే మాట అనుకున్నమమ్మా, ఉత్తగ పరిచయం చేసుకున్నమనే చెప్పాలని. నేనొక్కదాన్ని వేరే చెప్తె నన్ను బతకనిస్తరా?" అన్నది. నా ప్రార్థన మారింది. "తండ్రీ, చదువు ఉన్నా పోయినా, నా బిడ్డను అబద్ధంలో ఉంచకు" అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత భయమైందో ఆయనకే తెలుసు!

కమిటీలో ఒక్కొక్క పిల్లను తల్లిదండ్రులతో విడిగా పిలిచారు. "పరిచయం..." అని మొదలుపెట్టి నా బిడ్డ ఆగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది. సహోదరులారా, అక్కడ ఒక్కరూ నవ్వలేదు! ప్రిన్సిపాల్ మేడం, "మెల్లగ చెప్పమ్మా, ఆగుతం" అన్నది. ఆ మాటకు నా బిడ్డ బోరున ఏడ్చి, జరిగిందంతా చెప్పింది, పళ్ళెం లాక్కున్నది తానేనని కూడా చెప్పింది. మేము మల్లాపూర్ పోయిన సంగతి నేనూ చెప్పాను.

దేవుడు శిక్ష తప్పించలేదు. ఆ ఏడు చదువు పోయింది, హాస్టల్ ఇక ఎప్పటికీ లేదు. మిగతా ముగ్గురికీ శిక్ష పడింది, వాళ్ళలో ఒక పిల్ల తల్లి మా వాడకట్టే, ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. మా ఇంటాయన ఫోనులో, "నేనీడ ఎండల ఎవలకోసం మాడుతున్ననే? మీరిద్దరు నోరు మూసుకుంటె ఏమైతుండె?" అని, చాలా రోజులు మాట్లాడలేదు. అఖిల నా పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తుంది, నవ్వు తక్కువైంది. క్షమించమని అడగాలని ఉన్నా ఆ అమ్మాయిని కలవకూడదని ఉత్తర్వు, అందుకే ఆమె కోసం దేవుని ముందే ఏడుస్తుంది.

అయినా స్తోత్రమే! మల్లాపూర్‌లోని ఒక సహోదరి చెప్పింది, ఆ పిల్ల మాట నిజమని కమిటీ తేల్చిన తరువాత ఆమె మళ్ళీ కాలేజీకి పోతున్నదట, భోజనాల హాల్లోకి మాత్రం ఇంకా అడుగుపెట్టదట, సెలవుకు వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి తల్లిని "అమ్మా" అని పిలిచిందట. దేవునికే మహిమ! నేను అడిగినట్టే ఆయన చేసి ఉంటే ఆ పిలుపు ఆ తల్లి చెవిన పడేది కాదు, నా బిడ్డకు కన్నీళ్ళు వచ్చేవి కావు.

ప్రార్థన ఆలకించలేదని ఆయన మీద అలిగి కూర్చున్న తల్లులారా, ఆయనను నమ్మండి, మనం అడిగేది ఎవరి మీద పోయి పడుతుందో మనకు కనబడదు, ఆయనకు కనబడుతుంది. కాలేజీలు తెరిచాక నా బిడ్డ రోజూ కోరుట్ల నుంచి బస్సులో పోయి చదువుకోవాలి, ఏ మొహంతో లోపలికి పోవాలమ్మా అని ఇప్పటి నుంచే అడుగుతున్నది. ఆమెను జ్ఞాపకం చేసుకోండి. కానీ ముందు ఆ మల్లాపూర్ అమ్మాయి కోసం మోకరించండి, నా బిడ్డ కోసం ఆ తరువాత.