కరెంటు రైలులో నా వాటా

కొత్తగా కొలువులో చేరి, సాయంత్రాలు ఖాళీగా దొరికే వయసులో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టక మానదు. వీపనగండ్ల బడిలో సోషల్ సారుగా చేరిన ఆ రోజుల్లో నాకు పాత వాటా పత్రాలు (షేర్ సర్టిఫికెట్లు) పోగుచేసే పిచ్చి పట్టింది. అందులోనూ ఏవంటే అవి కావు, తొలినాళ్లలో కరెంటుతో రైళ్లు నడిపి, ఎప్పుడో మూతపడిన పరాయి దేశపు కంపెనీలవి మాత్రమే. (పెళ్లిచూపుల్లో ఈ సంగతి చెప్పి ఒక సంబంధం పోగొట్టుకున్నాను కూడా.) ఒకరోజు పోస్టులో వచ్చిన పత్రాన్ని భూతద్దంతో చూసుకుంటుంటే, నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ తొంగి చూసింది. కాగితం మీద తీగల కింద పరుగెత్తే రైలుపెట్టె బొమ్మ ఉంది.

"ఏంది సారూ గది?"

"కరెంటు రైలు కంపెనీ కాగితం పెద్దమ్మా. అండ్ల నాకు వాటా ఉన్నది" అన్నాను గొప్పగా.

"మన చేన్ల మీదికెళ్లి పోతదా?"

అప్పటికే నా కన్ను కాగితం అంచులోని సన్నని అక్షరాల్లో పడిపోయింది. తలెత్తకుండానే "ఆఁ, ఆఁ" అన్నాను.

మూడోనాడు పొద్దున హోటల్లో చాయ్ తాగుతుంటే హోటలాయన అన్నాడు: "మీ పెద్దమ్మ వనపర్తికి పోయింది సారూ, చేను రాసియ్యనీకె. రైలొస్తదని మీరే చెప్పిన్రంట గద!"

చాయ్ గ్లాసు అక్కడే పెట్టి లేచాను. ఆమెకున్నదల్లా ఆ మూడెకరాల పల్లిచేను. రుజువుగా ఉంటుందని పత్రాన్ని అట్టల మధ్య పెట్టుకుని బస్సెక్కాను. ఆ బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది. ఒకచోట డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. చేను పోతే ఆమె ఎట్లా బతుకుతుంది, ఊళ్లో నా ముఖం ఎట్లా చూపించాలి, ఈ చెమటకు కాగితం తడిసిపోదు కదా అని మూడు భయాలతో దారి పొడుగునా కిటికీలోంచి తొంగి చూస్తూనే ఉన్నాను.

రిజిస్ట్రేషన్ ఆఫీసులోకి పరుగెత్తేసరికి పెద్దమ్మ బొటనవేలికి అప్పుడే సిరా పూస్తున్నారు. పక్కన కొనేవాడి తరఫు బ్రోకరు నిలబడి ఉన్నాడు.

"ఆగు పెద్దమ్మా! ఏలిముద్ర ఎయ్యకు! రైలు గిట్ల ఏం రాదు!"

"సర్కారు గుంజుకోకముందే అమ్ముకుంట సారూ. నువ్వే గద చెప్పితివి?"

"నాదే తప్పు, నేను ఇనకుండనే ఆఁ అన్న. గా కంపెనీ మునిగి నూరేండ్లయింది. గా రైలు తిరిగింది కూడ మన దేశంల కాదు. జర చూడు!"

పెద్దమ్మ పత్రాన్ని లాక్కుని, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. బ్రోకరు ఏదో గొణిగాడు. ఆమె అతని వైపు చూడనైనా లేదు. "మునిగినదాంట్ల వాటా ఏంది సారూ, పరేషాన్ చేస్తివి గద!" అని కాగితం నా చేతిలో పెట్టి, చీరకొంగుకు వేలు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

చేను మిగిలింది. రైలుపెట్టె మీద మాత్రం నల్లగా, నిండుగా బొటనవేలి ముద్ర. దాన్ని చూడగానే నాకొచ్చింది సంతోషం కాదు, ఏడుపు. వనపర్తి బస్టాండులో కూర్చుని తడి రుమాలుతో ఆ మరకను తుడవబోయి ఇంకాస్త పులిమాను. ఇప్పుడు నా దగ్గర అట్లాంటి పత్రాలు పెట్టెడు ఉన్నాయి, అన్నీ శుభ్రమైనవే. ఎవరైనా చూస్తామంటే మాత్రం ముందు ఆ మరకదాన్నే తీస్తాను. ఒక ముసలామె బతుకు నిలబడిన పూట, కాగితం పాడైందని ముక్కు చీదుకుంటూ కూర్చున్న ఆ సోషల్ సారును చూసి వాళ్లతో పాటు నేనూ నవ్వుతాను, కాస్త సిగ్గుపడుతూనే.