ఆరేదాకా కాపలా

మా వీధి పెయింటర్ మూడు నెలలపాటు రెప్ప వాల్చకుండా ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. సరే, మూడు నెలలు కాదు, మూడు రోజులు. రెప్ప కూడా వాల్చాడు. భోజనాల దగ్గర లోటేమీ చేయలేదు. కానీ ఫోను మాత్రం చేతిలోంచి దిగలేదు, ఒట్టు.

సంగతేమిటంటే, అతనూ తమ్ముడూ కలిసి గోడలకు రంగులు వేసేవారు. ఒకనాడు రంగులేస్తున్న ఇంటివాళ్ల ముందే తమ్ముణ్ణి "బకెట్ మొయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరావురా" అని నోరు జారాడు. తమ్ముడు బ్రష్ కింద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ గడప తొక్కలేదు. చాలాకాలం బింకంగా ఉండి, చివరికి పెయింటర్ ఫోనులో ఒక ముక్క రాసి పంపాడు: "తప్పు నాదేరా. వచ్చెయ్."

అంతే, లోకం ఆగిపోయింది. ఒక టీచరమ్మ ఇల్లు సగం రంగుతో, కిటికీలకు అంటించిన పేపర్లతో అలాగే ఉండిపోయింది. ఆవిడ ఫోన్ చేస్తే ఠక్కున కట్ చేశాడు.

"అదేంటండీ?" అంది భార్య.

"వాడు చేసే టైముకి లైను బిజీ వస్తే?"

"మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే అది సిగ్గుపడి మోగడమే మానేస్తుంది."

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కూతురు వచ్చి పక్కన చేరింది. "నాన్నా, హాల్లో మొదటి కోటింగ్ వేశాక, అది ఆరేదాకా అక్కడే నిలబడతావా?"

"నాకేం పిచ్చా? పక్కగది మొదలుపెడతాను."

"ఇదీ అంతే. మా కంప్యూటర్లో దీన్ని అసింక్రనస్ అంటాం. అడగాల్సింది అడిగేసి వేరే పని చూసుకోవడం. జవాబు వచ్చినప్పుడు అదే పిలుస్తుంది. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే క్షణంలో ఎదురుపడక్కర్లేదు."

"పిలవకపోతే?"

"టీచరమ్మ ఇల్లైనా పూర్తవుతుంది కదా" అని కూతురు ఫోను లాక్కుని, బాబాయి పిలుపుకి మాత్రం వేరే మోత పెట్టి ఇచ్చింది.

మర్నాడు గొణుక్కుంటూనే వెళ్లాడు. మొదట్లో బ్రష్ గోడమీద, చెవి జేబులో. మెల్లగా పనిలో పడ్డాడు. సీలింగ్ అంచు గీత తిన్నగా లాగుతుండగా మోగింది. ఆ మోతే! నిచ్చెన మీద తూలి, నిలదొక్కుకుని, ఫోను నిండా తెల్లరంగు పులిమి ఎత్తాడు.

"అన్నయ్యా, ఊరవతల గోడౌన్ పనిలో ఉన్నా. సిగ్నల్ లేక చచ్చాం. నీ మెసేజ్ ఇప్పుడే చూశా."

పెయింటర్ నిచ్చెన మెట్టు మీదే కూర్చున్నాడు. "కోపం... పోయిందారా?"

"పోలేదు. రేపొచ్చి తీరిగ్గా తిడతా. ఏ ఇంట్లో ఉన్నావో చెప్పు."

మొన్న ఇద్దరూ ఒకే గోడకు రంగు వేస్తుంటే ఈ కథ వాళ్ల చెవిన పడింది. పెయింటర్ మండిపడ్డాడు. "అన్నీ కోతలే! నేను ఫోను ముందు ఒక్క పూటైనా కూర్చోలేదు. అసలు మా ఇద్దరికీ గొడవెప్పుడైంది? ఏరా, అయిందా?"

"ఎప్పుడూ లేదన్నయ్యా."