చున్నీ కింద చేతులు

చూలై బజారులో ఉన్న మా స్టీలు సామాన్ల కొట్టుకు కొత్త యాప్ నేర్పడానికి ఒక కంపెనీ అమ్మాయి వచ్చేది. ఆర్డర్లన్నీ ఇక ఫోన్లోనేనట. అది నాకు రాకపోతే గల్లాపెట్టె కోడలికి అప్పగించి ఇంట్లో కూర్చోమన్నాడు మావాడు.

ఆ పిల్ల రెండు చేతులూ చున్నీ కింద దాచుకుని నా పక్కన కూర్చునేది.

“ఈడ నాకేం తెలిసి చస్తుంది? నువ్వే నొక్కేసి పో,” అని విసుక్కున్నాను.

“నేను నొక్కితే నాకొస్తుంది పెద్దమ్మా. మీరే నొక్కండి.”

తల నెరిశాక నేర్చిన అక్షరాలు కూడబలుక్కుంటూ నొక్కాను. ఆర్డరు మాయమైంది. ఆమె చెయ్యి సగం బయటికొచ్చి, మళ్లీ చున్నీలోకి పోయింది.

“పోతే పోనీండి. మళ్లీ చేద్దాం.”

చివరికి మనలి ఊరి నుంచి వచ్చిన ఆర్డరు నేనే తీసుకున్నాను. అప్పుడుగానీ ఆ చేతులు బయటికి రాలేదు, చప్పట్లు కొట్టడానికి.

“చాల్లేవే, నేనేం చంటిపిల్లనా?” అని కసిరి, గల్లాపెట్టె ముందు ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాను.