చించిల్లా వల్ల మాత్రం కాదు

తాతారావు గారికి లోకంలో ఏదీ పడదు, ఆయన పెంచుకునే చించిల్లా తప్ప. అని ఆయనే చెబుతారు. ఎలుక మొహం, ఉడత తోక, పట్టులాంటి బూడిదరంగు బొచ్చు ఉన్న ఆ జంతువు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి ఆయన తుమ్ముతూనే ఉన్నారు. కారణం మాత్రం రోజుకొకటి. ఒకరోజు పోపు, ఇంకోరోజు ఎండుచేపలు. ఒకసారి కలంకారీ దుప్పటి మీదికి నెపం నెడితే, ఆయన భార్య సత్యవతమ్మ దాన్ని మూడుసార్లు ఉతికింది.

సత్యవతమ్మ పెడన బళ్లో టీచరు. పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రానికి మచిలీపట్నం చేరేది. అప్పటికి ఆయన ముక్కు ఎర్రగా ఉండేది, చించిల్లా ఏసీ గదిలో చల్లగా ఉండేది. దానికి వేడి పడదు. నీళ్ల స్నానమూ పడదు. పళ్లెంలో సన్నటి మట్టి పోస్తే అందులో పొర్లుతుంది. ఆ దుమ్ముకి ఆయన పదకొండు తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకుని, "ఈ ఫ్యాను రెక్కలు తుడిచి ఎన్నాళ్లయింది?" అని అడిగేవారు.

జంతువుల బొచ్చు పడదని డాక్టరు పరీక్ష చేయించి మరీ రాసిచ్చారు. ఆ ల్యాబు నిండా దుమ్మేనని ఆయన తేల్చేశారు.

గిలకలదిండి హార్బర్లో ఆయన ఐసు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. తెల్లవారుజామున వెళ్లి, మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. అక్కడ బోటు కదిలేటప్పుడు ఒక తుమ్ము వినిపిస్తే జాలర్లు ఆగిపోతారు. రెండోది కూడా వస్తే మంచిదని బయల్దేరతారు. ఒకనాడు మోహన్ తన బోటు తాడు విప్పబోయి, తాతారావు గారి తుమ్ము విని మళ్లీ కట్టేశాడు.

"బాబాయ్, ఇంకోటి తుమ్మండి. వెళ్లిపోతాం."

"వస్తే తుమ్మనట్రా?"

ముక్కుపొడుం ఇచ్చి చూశారు, రాలేదు. అరగంటకి ఒకేసారి రెండొచ్చాయి. వెరసి మూడు. మోహన్ ఆరోజు వేటకి వెళ్లలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, ఆ జంతువునైనా పంపించమని, బాబాయినైనా ఉద్యోగం మాన్పించమని సత్యవతమ్మకి మర్యాదగానే చెప్పాడు.

అప్పటికే నాలుగు మెట్లెక్కితే ఆయనకి ఆయాసం వస్తోంది. సత్యవతమ్మ గుడివాడలో పెంపుడు జంతువుల షాపు కిరణ్ కుమార్‌కి ఫోన్ చేసి, శనివారం వచ్చి తీసుకెళ్లమంది.

"అది వెళ్లదు" అన్నారు తాతారావు గారు. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా, వెళ్లదన్నారు.

శనివారం ఆవిడ బడికి సెలవు పెట్టింది. కిరణ్ కుమార్ బోను తెచ్చి వరండాలో పెట్టేసరికి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. నిరుడు పోయిన బాజి భార్య ఇమాంబీ. బాజి, తాతారావు గారు ఒకే ఫ్యాక్టరీలో పనిచేశారు.

"రోజూ ఈ వేళకి వచ్చి దాన్ని చూసి వెళ్తానమ్మా. మీరు బళ్లో ఉంటారు కదా" అంది ఇమాంబీ.

ఆ చించిల్లా బాజి ముచ్చటపడి పెంచుకున్నదట. ఆయన పోయాక ఆవిడ చిన్న అద్దెగదికి మారింది. జంతువులు కుదరవని ఇంటివాళ్లన్నారు. చించిల్లాని పెంచాలని తనకి చిన్నప్పటి నుంచీ కోరికని చెప్పి తాతారావు గారు తెచ్చుకున్నారు. ఆయన చిన్నప్పుడు బందరులో దాని పేరు విన్నవాడే లేడు.

"అన్నయ్యగారికి పడట్లేదేమో, ఎవరికైనా ఇచ్చేస్తానని ఎన్నోసార్లు అన్నానమ్మా. మీ పోపు ఘాటని చెప్పారు."

తాతారావు గారు గోడ వైపు తిరిగి, ముక్కు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. తనకెందుకు చెప్పలేదో సత్యవతమ్మకి అర్థమైంది. తన కడుపులో మాట దాగదు. చెప్పి ఉంటే ఆ మాట మర్నాటికే ఇమాంబీ చెవిన పడేది.

"అవునండీ, మా పోపు కొంచెం ఘాటే" అంది సత్యవతమ్మ.

కిరణ్ కుమార్ కాఫీ తాగి, ఖాళీ బోనుతో గుడివాడ వెళ్లిపోయాడు. చించిల్లాని ఒళ్లో కాసేపు నిమిరి ఇమాంబీ కూడా వెళ్లింది. అప్పుడు సత్యవతమ్మ కొంగు బిగించింది.

"రేపటి నుంచి దాని మట్టి స్నానం నేను చూసుకుంటాను. ఆ సేపు మీరు వీధి చివర నిలబడండి. ఏసీ గది దానిది. మీ మంచం వరండాలో."

"వరండాలో దోమలు..."

"దోమతెర కొన్నాను."

"ఎప్పుడు?"

"ఇందాక మీరు ముక్కు పట్టుకున్నప్పుడు, ఫోన్లో."