మెడకు ఎర్రదారం కట్టిన కుండ

శాలువాలంటే నాకు రోత. మా బీరువా అడుగు అరలో ఒకటి ఏళ్ళ తరబడి మడత విప్పకుండా పడి ఉంది. పారేద్దామంటే చేతులు రావు, కప్పుకుందామంటే ఒళ్ళు జలదరిస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగళూరులోని ఒక పురావస్తు పరిశోధనా సంఘంలో సహాయకురాలిగా పనిచేశాను. శాస్త్రీయ పరిశోధనకు అండగా నిలవడమే తమ ఆశయమని లెటర్‌హెడ్ మీద అచ్చు వేయించుకున్న సంఘం. మేడమీద రెండు గదులు, ఒక సింకు, గోడ నిండా వార్షిక సదస్సుల గ్రూపు ఫోటోలు. పెద్దలు ఏడాదంతా రాబోయే సదస్సు గురించి మాట్లాడుకునేవారు. అది కాకపోతే, పోయిన సదస్సు ఫోటోలో ముందు వరసలో ఎవరిని కూర్చోబెట్టారని పోట్లాడుకునేవారు. తవ్వకాల మాట మధ్యలో ఎప్పుడైనా వచ్చేది.

ఆ ఏడు సర్జాపుర వైపు అపార్ట్‌మెంట్ల కోసం కొన్న పొలంలో, చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చిన సమాధులు బయటపడ్డాయి. వేల ఏళ్ళ నాటివి. జేసీబీ వచ్చేలోగా తవ్వుకోమని మాకు మూడు వారాలు గడువిచ్చారు.

కూలీల్లో అనంతపురం నుంచి వలస వచ్చిన ఒకామె ఉండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె వేళ్ళకున్న ఓపిక మా డిగ్రీలకు లేదు. దొరికిన పెంకుల్ని సాయంత్రం టబ్బుల్లో వేసి, పళ్ళు తోముకునే బ్రష్షులతో ఇద్దరం కడిగేవాళ్ళం. లోపలి మట్టిని పరీక్షకు పంపాల్సిన వాటిని మాత్రం కడగకూడదు. అక్కకు చదువు రాదు, చీటీలు రాసి పెడితే లాభం లేదు. అందుకని కడగకూడనిదానికి ఎర్రదారం కట్టాలని అనుకున్నాం. బళేపేట బజారుకు వెళ్ళి దారపుండ కొనుక్కొచ్చింది నేనే.

ఆఖరి సమాధిలో ఎముకల పక్కన ఒక కుండ దొరికింది. అంతకుముందు వచ్చినవన్నీ పగిలిన పెంకులే. ఇదొక్కటే చెక్కుచెదరకుండా, నోటిదాకా మట్టితో ఉంది. ఆ మట్టిని పరీక్షిస్తే, పోయిన మనిషికి తోడుగా ఏ గింజలు పెట్టారో తెలుస్తుందని అక్కకు చెప్పాను. ఆమె కుండ మెడకు దారం రెండు చుట్లు చుట్టి ముడి వేసింది.

“మా నాయన పోయినప్పుడు నేను ఈడ స్లాబు పనిలో ఉంటి మేడం. ఊరికి పోయేలోపల అంతా అయిపోయింది. ఆయనకు కడాకు ఏమి పెట్టి పంపినారో ఎవురూ చెప్పలేదు. ఈ మనిషికి ఏమి పెట్టినారో తెలిస్తే నాకు చెప్పల్ల.”

చెప్తానన్నాను.

మరుసటి వారం ఆ నేలంతా చదును చేసేశారు. ఇక జవాబంటూ ఉంటే అది ఆ కుండలోనే ఉంది. సదస్సు అయ్యాక ల్యాబుకు పంపుదామన్నారు మా కార్యదర్శి. రిటైరైన ప్రొఫెసర్ ఆయన. సమాధి కుండల గురించి నాకు పాఠం చెప్పింది కూడా ఆయనే. సరేనని కుండను ఆఫీసు అరలో పెట్టాను.

సదస్సు రోజు ఉదయం హాల్లోకి వెళ్ళేసరికి వేదిక మీద దీపం పక్కన మా కుండ ఉంది. ఒళ్ళంతా పసుపు, మూడు చోట్ల కుంకుమ, మీద మామిడాకులు, టెంకాయ. మెడకు అక్క కట్టిన దారం అలాగే ఉంది. ఆకులు పక్కకు జరిపి చూశాను. లోపల నీళ్ళు.

“ఏంటి సార్ ఇది?”

“పూజకు కలశం కావల్సొచ్చిందమ్మా. దారం చుట్టి రెడీగా ఉండాది, నువ్వే తెచ్చి పెట్టినావనుకొంటిమి. సోపు పౌడరేసి తోమించినాను. ఎట్ల మెరుస్తా ఉండాదో చూడు.”

“లోపలి మట్టి?”

“సింకులో పోసినారు. మట్టే కదమ్మా!”

జన్మంతా మట్టి పొరలు చదివి బతికిన మనిషి అన్న మాట ఇది. శ్మశానానికి వెళ్ళొస్తే తలస్నానం చేయకుండా గడప దాటని పెద్దలంతా సమాధి కుండ చుట్టూ చేరి చేతులు జోడించారు. తర్వాత శాస్త్రీయ దృక్పథం మీద గంటసేపు ఉపన్యాసం. తవ్విన కూలీల్లో ఒక్కరినీ పిలవలేదు. పిలిచి ఉంటే అక్క ఒక్కతయినా అరిచేది.

నేను అరవలేదు. “గెస్టు వచ్చేసినారు, ఇప్పుడు గలాటా వద్దమ్మా” అన్నారు కార్యదర్శి. నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించాల్సింది ఆయనే. యువ పరిశోధకురాలంటూ నన్ను వేదిక మీదకు పిలిచారు. వెళ్ళాను. శాలువా కప్పితే వంగి దండం పెట్టి నవ్వాను. ఆ ఫోటోలో కుండ నా మోచేతి పక్కనే ఉంది. ‘కుండలోని మట్టిపై విశ్లేషణ జరుగుతోంది’ అని సంఘం నివేదికలో టైపు చేసింది కూడా నేనే. వాళ్ళను చూస్తే అసహ్యం వేసింది సరే, నన్ను చూసుకుంటే అంతకన్నా ఎక్కువ వేసింది.

కొన్ని నెలల తర్వాత ఆ నేల యజమానికి సంఘం సంచిక ఇచ్చి రమ్మన్నారు. సైటు దగ్గర పిల్లర్లు లేచిపోయాయి. వాటి మధ్య నుంచి అక్క ఇటుకల తట్ట దించి గబగబా వచ్చింది. అక్కడే పనికి కుదిరిందట.

“ఏమి పెట్టినారో తెలిసిందా మేడం?”

చంకలో సంచిక. అందులో నా ఫోటో, నా పక్కన కుండ.

“రాగులక్కా” అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“మా నాయనకూ రాగిసంగటంటే పానం. అట్లయితే ఆయనకూ అదే పెట్టుంటారు లే.”

వెనక్కి వెళ్ళి తట్ట ఎత్తుకుంటూ తోటి కూలీలకు గట్టిగా చెప్పింది.

“రాగులంటప్పా! మేడమోళ్ళు పరీక్ష చేసి చూసినారంట.”